కురుసుర చెప్పిన కబుర్లు

సాయంత్రం నాలుగు దాటితే విశాఖ ఆర్కే బీచ్‌లో సందడే సందడి. ముంత మసాలా బండ్ల దగ్గర ఉల్లిపాయల ఘాటు, నిప్పుల మీద కాలే మొక్కజొన్న పొత్తుల వాసన, అలలకు ఎదురెళ్లి కేరింతలు కొడుతూ వెనక్కి పరుగెత్తే పిల్లలు... ఆ సందడి మధ్యలోంచి బీచ్ రోడ్డు వెంట నడుస్తూంటే ఇసుకలో ఓ నల్లటి ఆకారం కనిపిస్తుంది. తొంభై ఒక్క మీటర్ల పొడవు. దూరం నుంచి చూస్తే ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలమేమో అనిపిస్తుంది. దగ్గరికెళ్తే టికెట్ల కోసం బారులు తీరిన జనం, ఎక్కడానికి మెట్లు. అదే కురుసుర. నౌకాదళంలో 31 ఏళ్లు పనిచేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న పదవీ విరమణ చేసిన జలాంతర్గామి.

కొలువు అయిపోయాక నావలకు పట్టే గతి అందరికీ తెలిసిందే. ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేస్తారు. కురుసుర నుదుటి రాత వేరుగా ఉంది. దాన్ని సముద్రంలోంచి ఒడ్డు మీదికి లాగి, కాంక్రీటు పునాది మీద నిలబెట్టి, మ్యూజియంగా మార్చారు. అందుకు దాదాపు ఐదున్నర కోట్ల రూపాయలు ఖర్చయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు దాన్ని ప్రారంభించారు. అదే నెల 24 నుంచి జనాన్ని లోపలికి పంపించారు. ఈ చివర ఎక్కి ఆ చివర దిగడానికి ఇరవై నిమిషాలు చాలు. పిల్లలు ఫొటోలు దిగుతారు. పెద్దవాళ్లు ‘అబ్బో, ఎంత ఇరుకో’ అంటారు. తర్వాత అంతా ఇసుకలోకి వెళ్లిపోతారు.

అలా 2002లో ఆ వరసలో నిలబడి టికెట్లు కొన్నవాళ్లలో ఒకాయనకు మాత్రం ఆ నావ కొత్త కాదు. మూడేళ్లపాటు అదే ఆయన ఇల్లు.

ఉద్దానం కుర్రాడు

ఆయన పేరు ఇక్కడ అక్కర్లేదు. పేరు చెప్పుకోవడం ఆయనకూ ఇష్టముండేది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఓ పల్లె. కొబ్బరిచెట్లు, జీడితోటలు, వాటి వెనకాల సముద్రం. చదువు పదో తరగతి దాకా వచ్చిందంటే కుర్రాడి చూపు సైన్యం మీద పడే ప్రాంతమది. ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో సెలవు మీద వచ్చిన జవాన్లు కనిపించని సంక్రాంతి ఉండదు.

1971 డిసెంబరులో ఆయనకు పదిహేనేళ్లు. పాకిస్థాన్ జలాంతర్గామి గాజీ విశాఖ తీరం దగ్గరే మునిగిపోయిందని రేడియోలో చెప్పిన రోజులవి. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది గాజీ. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీలకే మునిగిందని మనవాళ్లు, తాను పరిచిన మందుపాతరే పేలిందని పాకిస్థాన్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎలా మునిగినా, అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. ఊళ్లో మిగతా కుర్రాళ్లు గెలిచామని గంతులేస్తే ఈయనకు మాత్రం మరో ప్రశ్న పట్టుకుంది. నీళ్ల అడుగున మనుషులు అసలు ఎలా ఉంటారు?

మూడేళ్ల తర్వాత నౌకాదళంలో చేరాడు. ఇంజిన్ మెకానిక్ పని. జలాంతర్గాముల్లోకి ఎవరినీ బలవంతంగా పంపరు. ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్లనే తీసుకుంటారు. ఈయన చెయ్యి ఎత్తాడు. అలవెన్సు ఎక్కువన్నది ఒక కారణం. ఇంట్లో పెళ్లి కావలసిన చెల్లెళ్లు ఇద్దరు.

జలాంతర్గామి దళానికి పుట్టిల్లు ఆనాటి సోవియట్ యూనియన్. మన మొదటి జలాంతర్గామి కల్వరి 1967 డిసెంబరు 8న రిగా రేవులో మన నౌకాదళంలో చేరింది. ఏటా ఆ రోజునే జలాంతర్గామి దినంగా జరుపుకొంటారు. తర్వాత ఖందేరి, కరంజ్ వచ్చాయి. నాలుగోది కురుసుర. అది కూడా రిగాలోనే, 1969 డిసెంబరు 18న. మొదటి తరం సిబ్బంది వ్లాదివొస్తోక్ వెళ్లి, ముందు రష్యన్ భాష నేర్చుకుని, ఆ తర్వాత పని నేర్చుకున్నారు. నావలు మన దేశానికి రావడం కూడా చిన్న విషయమేమీ కాదు. అప్పటికి సూయజ్ కాలువ మూతపడి ఉంది. ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలసి వచ్చింది.

ఈయన వచ్చేసరికి ఆ అవసరం తీరిపోయింది. విశాఖలోనే శాతవాహన పేరుతో శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడి చదువు తమాషాగా ఉంటుంది. ఇంజిన్ మనిషివి కదా, నాకు ఇంజిన్ తెలిస్తే చాలదా అంటే కుదరదు. నావలో ఏ మర ఎక్కడుందో, ఏ గొట్టంలో ఏది పారుతుందో, ఏ మీట తిప్పితే ఏది మూసుకుంటుందో వంటవాడి దగ్గర్నుంచి కెప్టెన్ దాకా అందరికీ తెలియాలి. చీకట్లో కూడా చేత్తో తడిమి చెప్పగలగాలి. నీళ్లు లోపలికి వచ్చినా, నిప్పు అంటుకున్నా పక్కవాడు వస్తాడని చూసే వ్యవధి ఉండదు మరి! అదంతా నేర్చుకుని పరీక్ష నెగ్గితేనే ఛాతీ మీద డాల్ఫిన్ల బ్యాడ్జి. ఆయన దగ్గరున్న వస్తువుల్లో మరకపడకుండా దాచుకున్నది ఆ ఒక్కటే.

ఏడు గదుల ఇల్లు

కురుసురలో ఏడు విభాగాలు. ముందు చివర టార్పెడో గది. ఆరు గొట్టాలు అక్కడ, నాలుగు వెనక చివర. మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. రెండో దాంట్లో అధికారుల గదులు. మూడోది నావకు మెదడు లాంటిది. పెరిస్కోపు, చుక్కాని, లోతు చూపే సాధనాలు అన్నీ అక్కడే. రాత్రిపూట ఎర్ర దీపాలే వెలిగేవి. పెరిస్కోపులోంచి చీకటి సముద్రాన్ని చూడాలంటే కళ్లు ముందే చీకటికి అలవాటు పడి ఉండాలి. నాలుగోది నావికుల పడకలు, వంటగది. ఈ రెండు, నాలుగు విభాగాల అడుగునే బ్యాటరీలు. ఐదులో మూడు డీజిల్ ఇంజిన్లు. ఆరులో మోటార్లు. ఏడులో మళ్లీ టార్పెడోలు.

విభాగానికీ విభాగానికీ మధ్య గుండ్రటి తలుపు. కాళ్లు ముందు పెట్టి, నడుం వంచి దూరాలి. ఆపద వస్తే ఆ తలుపు మూసేస్తారు. అవతల ఎవరున్నారన్నది చూడరు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పేవారు కాదు. ఆ మాటకొస్తే ఏ సంగతీ చెప్పేవారు కాదు.

నావలో 75 మంది. మంచాలు అందరికీ చాలవు. ఒకడు డ్యూటీకి లేచి వెళ్తే ఆ వేడి చల్లారకముందే మరొకడు వచ్చి అక్కడే నడుం వాల్చాలి. ఈ తరహా నావల్ని రష్యావాళ్లు మొదట తమ చల్లటి సముద్రాల కోసం తయారుచేసుకున్నారు. మనకు ఇచ్చేటప్పుడు ఉష్ణదేశానికి తగినట్టు మార్పులు చేశారు. అయినా బంగాళాఖాతం బంగాళాఖాతమే. ఇంజిన్ గదిలో నిలబడితే కొలిమి పక్కన నిలబడినట్టే. మంచినీళ్లు తాగడానికీ వండుకోవడానికే. స్నానం మాట మర్చిపోవడమే. ఒంటికి, బట్టలకు, అన్నానికి, నిద్రకు కూడా డీజిల్ వాసన.

నీటి కింద డీజిల్ ఇంజిన్ నడవదు. దానికి గాలి కావాలి. అందుకని నీటిలో ఉన్నంతసేపూ బ్యాటరీలతో మోటార్లు తిప్పుతారు. బ్యాటరీలు అయిపోవస్తే నావ పైకి రావాలి. లేదంటే నీటి పైకి ఒక గొట్టం పెట్టి గాలి పీల్చుకుంటూ ఇంజిన్లు నడపాలి. సముద్రం పోటుమీద ఉన్నప్పుడు ఈ రెండో పద్ధతి నరకమే. అల వచ్చి గొట్టం నోరు మూసేస్తే ఇంజిన్లు నావలోపలి గాలినే లాగేసుకుంటాయి. చెవులు గుయ్యిమంటాయి. అల తప్పుకోగానే గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. మళ్లీ గుయ్యి. రాత్రంతా అదే వరస. ఇక బ్యాటరీలు చార్జి అయ్యేటప్పుడు వాటిలోంచి హైడ్రోజన్ వస్తుంది. అది పోగుపడితే నిప్పురవ్వ చాలు.

ఇప్పుడు ఆ గదుల్లో నావికుల వేషాల్లో బొమ్మలు నిలబెట్టారు. నేల శుభ్రంగా తుడిచి ఉంటుంది. మ్యూజియంవాళ్లను తప్పుపట్టడానికి లేదు గానీ, కురుసురలో లేనిది ఒక్కటే. వాసన. బొమ్మలకు చెమట పట్టదు కదా!

‘వస్తాను’ అనేవారు, ఎప్పుడో చెప్పేవారు కాదు

పెళ్లయ్యాక మల్కాపురంలో అద్దె ఇల్లు. ఆవిడది కూడా ఉద్దానమే. సముద్రం మీదికి పోయే మగవాళ్లు ఆవిడకు కొత్త కాదు. పుట్టింటి పక్కనే జాలరిపేట. కానీ వేటకెళ్లిన వాడు పొద్దుటికో, మర్నాటికో తిరిగొస్తాడు. ఏ వైపు వెళ్లాడో ఇంట్లో తెలుస్తుంది. ఈయన సంగతి అలా కాదు. బోటు ఎప్పుడు కదులుతుందో, ఎటు వెళ్తుందో, ఎన్నాళ్లకు వస్తుందో చెప్పకూడదు. చాలాసార్లు ఆయనకే తెలియదు. ‘వస్తాను’ అనేవారు. అంతే. (జలాంతర్గామిని వాళ్లలో వాళ్లు బోటు అనే అంటారు. షిప్ అంటే నొచ్చుకుంటారు.)

అయినా ఆవిడ కనిపెట్టేసేది. ప్రయాణం ముందు రోజు ఆయన చేసే స్నానమే ఆనవాలు. మామూలు రోజుల్లో అరబకెట్ నీళ్లతో ముగించే మనిషి, ఆ రోజు నూతి దగ్గర నాలుగు బకెట్లు తోడించుకుని గంటసేపు పోసుకునేవారు. ఆవిడ ఏమీ అడగకుండా అరిసెలో, జంతికలో డబ్బాలో సర్దేది. ఆ తర్వాత రోజులు లెక్కపెట్టుకోవడమే. వీధిలో అలాంటి ఇళ్లు ఇంకో మూడు. ఏ ఇంట్లోనైనా మగమనిషి గొంతు వినిపిస్తే ‘బోటొచ్చీసింది’ అన్న కబురు ఐదు నిమిషాల్లో వీధంతా పాకేది.

పెద్దబ్బాయి పుట్టినప్పుడు ఆయన సముద్రంలో ఉన్నారు. ఆ సంగతి ఆయనకు తెలిసేసరికి పిల్లాడికి బారసాల కూడా అయిపోయింది. గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి ఆవిడ తల్లి గుర్తుపట్టలేదట. గడ్డం, పాలిపోయిన మొహం. ఎండ తగలని మొహం అది. బట్టల మూటను ఇంట్లోకి రానివ్వకుండా పెరట్లోనే వేడినీళ్లలో పడేసేవారు. రెండు ఉతుకులు ఉతికినా డీజిల్ వాసన పోయేది కాదు. ఆ వాసనకు పిల్లాడు ఏడ్చేవాడు. తర్వాత్తర్వాత ఆ వాసన వస్తే నాన్న వచ్చాడని పరుగెత్తుకొచ్చేవాడు.

పదిహేనేళ్ల సర్వీసు పూర్తిచేసి 1989లో బయటికొచ్చారు. మరో కొలువులో చేరారు. ఒడ్డున పడ్డారనే అందరూ అనుకున్నారు. కానీ ఒంట్లోంచి నావ దిగలేదు. ఇంజిన్ల హోరుకు చెవులు మందగించాయి. మాట్లాడితే పోట్లాడినట్టుండేది. కుళాయి కారితే ఆగలేకపోయేవారు. మరో అలవాటు మాత్రం ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. పెళ్లి మేళం పక్కనే మోగుతున్నా ఆదమరిచి నిద్రపోయే మనిషి, అర్ధరాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే చాలు, దిగ్గున లేచి కూర్చునేవారు. ‘ఉక్కపోతకు లెగిసినారు’ అనుకునేది ఆవిడ. కాదు. నావలో గాలి తిప్పే ఫ్యాన్లు ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి. ఆ మోత ఆగిందంటే ఏదో జరిగిందని అర్థం. పైన శత్రువు ఉన్నాడని చప్పుళ్లన్నీ ఆపేసి ఉండాలి. లేదా ఏదో చెడిపోయి ఉండాలి. రెండింట్లో ఏదైనా లేవాల్సిందే.

ఐదో గదిలో

ఈ కారణం ఆవిడకు తెలిసింది 2002లోనే. కురుసుర మ్యూజియం తెరిచిన కొత్తలో పిల్లలు పట్టుబడితే బయల్దేరారు. ఆయనకు ఇష్టం లేదు. ఇసుకలో నావను చూడలేననీ, మీరెళ్లి రండనీ బయటే నిలబడ్డారు. ఇక్కడ గైడ్లుగా పనిచేసేది నౌకాదళంలో రిటైరైనవాళ్లే. వాళ్లలో ఒకరు ఈయన్ను పోల్చుకుని, చెయ్యి పట్టుకుని, మెట్లెక్కించారు.

మొదటి నాలుగు గదుల్లో ఆయన నోరు విప్పలేదు. నాలుగో గదిలో గైడు ఆగి, ‘వదినా, అన్నయ్య పడుకున్న మంచం ఇదే’ అని చూపించారు. గోడకు అతికించినట్టున్న బల్ల. పక్కకు ఒత్తిగిలితే భుజం పైమంచానికి తగులుతుంది. ఆవిడ దాన్ని చేత్తో కొలిచి చూసింది. ‘ఇదేటి, ఇందులో మనిషెలా పడతాడు? మా ఇంట్లో పట్టెమంచం మీద కాళ్లు చాలలేదని గోల పెట్టీవోరు!’ అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా.

ఐదో గదిలోకి వచ్చాక ఆయన మధ్య ఇంజిన్ మీద అరచెయ్యి వేసి నిలబడిపోయారు. చల్లగా ఉంది. ‘ఇది చల్లగా ఉండగా నేనెప్పుడూ చూళ్లేదు’ అన్నారు. ఆ మాటతో మొదలుపెట్టి ఇంక ఆగలేదు. వెనకాల జనం తోసుకుంటున్నా పట్టించుకోలేదు. గొట్టం మూసుకుపోయిన రాత్రుల గురించి, ఫ్యాన్ల మోత గురించి, జంతికల డబ్బాను 20 మంది పంచుకున్న సంగతి గురించి, పిల్లాడు పుట్టిన వారంలో తాను ఇదే గదిలో ఓ పగిలిన గొట్టానికి రెండు రోజులు కాపలా ఉన్న సంగతి గురించి... మందగించిన చెవులు కదా, గొంతు పెద్దది. పక్కవాళ్లంతా ఈయనే గైడు అనుకున్నారు.

ఇరవై నిమిషాల్లో దిగాల్సినవాళ్లు గంటన్నరకు దిగారు. ఇంటికెళ్లాక మళ్లీ మామూలే, ఆయన మౌనం ఆయనది. చెప్పాలనిపిస్తే మాత్రం ‘పదండి, అలా బీచ్‌కి వెళ్లొద్దాం’ అనేవారు. ఇంట్లో ఆ మాటకు అర్థం తెలిసిపోయింది.

1971 యుద్ధంలో విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం కూడా ఆ దారిలోనే ఉంటుంది. కురుసుర కూడా ఆ యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఆ స్మారకం దగ్గర ఆయన చెప్పులు విప్పి కాసేపు నిలబడేవారు. గెలిచినందుకా అని కొడుకు అడిగితే, ‘గాజీలో ఉన్నోళ్లకీ ఇళ్లున్నాయి కదరా’ అన్నారు. 2013 ఆగస్టు 14న ముంబయి రేవులో సింధురక్షక్ పేలిపోయి 18 మంది చనిపోయారు. వాళ్లలో విశాఖ కుర్రాళ్లూ ఉన్నారు. ఆ రోజు టీవీ కట్టేసి, అన్నం ముందు నుంచి లేచిపోయారు. తలుపులు మూసేసి ఉంటారని ఒక్క మాట మాత్రం అన్నారు.

2017లో కురుసురకు ఎదురుగా, రోడ్డుకు అవతల టీయూ-142 యుద్ధవిమానాన్ని తెచ్చి మ్యూజియంగా పెట్టారు. జలాంతర్గాముల్ని ఆకాశంలోంచి వెతికి వేటాడే విమానం అది. ‘జన్మంతా దొరక్కుండా తప్పించుకున్నాం, చివరికి ఇద్దర్నీ ఎదురెదురుగా కట్టేశారు’ అని ఆయన తెగ నవ్వుకున్నారట. రెండేళ్ల తర్వాత ఆయన పోయారు. నౌకాదళం వాహనం సముద్రగర్భంలో గాజీ శకలాలను మళ్లీ గుర్తించిందన్న వార్త 2024 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు, పేపరు పట్టుకుని ఆయన గదివైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు కొడుకు.

కురుసుర ఒడ్డుమీద ఉన్నా ఉప్పుగాలి దాన్ని వదలదు. తరచూ గీకి, రంగులు వేయాల్సిందే. ఆవిడ కూడా దాన్ని వదల్లేదు. ఊరి నుంచి చుట్టాలు ఎవరొచ్చినా సింహాచలం, ఆ తర్వాత సబ్‌మెరైన్. సోమవారం సెలవని గుర్తుపెట్టుకుని మరీ తీసుకెళ్తుంది. మోకాళ్ల నొప్పులు, అయినా మెట్లెక్కుతుంది. గైడు నోరు తెరిచేలోపే, ‘ఇక్కడ ఒకడు లెగిస్తే ఒకడు తొంగునీవోడు, ఇదిగో ఇక్కడ బేటరీలు, అగ్గిపుల్ల గీస్తే ఇంతే సంగతులు’ అంటూ మొదలుపెడుతుంది. కొత్త గైడ్లకు మొదట్లో వింతగా ఉండేది. ఇప్పుడు వాళ్లూ పక్కకు తప్పుకుని వింటున్నారు.

మొన్నామధ్య ఎనిమిదేళ్ల మనవణ్ని తీసుకెళ్లింది. నాలుగో గదిలో వాడు ఆ బల్లమంచం కేసి చూసి, ‘నానమ్మా, తాతకి ఇందులో భయమెయ్యలేదా?’ అని అడిగాడు.

‘నాను అడగనేదురా. అడిగినా సెప్పీవోరు కాదు’ అంది. రెండడుగులు వేసి, ఐదో గది గుమ్మం దగ్గర ఆగి అంది. ‘ఫేను ఆగిపోతే మాత్రం లెగిసి కూకునీవోరు.’